పల్లమింటక్క

మొన్నటి వానకు మా వీధిలో ఎవరింట్లోకీ నీళ్లు రాలేదు. ఇది కూడా ఒక వార్తేనా అని మీరు అనుకోవచ్చు. మదనపల్లెలో మా వీధి చివర పల్లంలో ఉన్న ఇంటి సంగతి తెలిసినవాళ్లెవరూ అలా అనుకోరు. ఆ ఇంటికి ఇప్పుడు తాళం పడి ఉంది. అందులో ఉండిన ఆమె ఎండాకాలంలో పోయింది. పుంగనూరు నుంచి వచ్చిన ఆమె తమ్ముడు కార్యాలన్నీ ముగించి, వెళ్లేముందు ఒక తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "ఎప్పుడన్నా తలుపు తీసి గాలాడనీ టీచరమ్మా" అన్నాడు. నేను ఇంతవరకు తీయలేదు. తీస్తే లోపల ఆమె లేదన్న సంగతి ఖాయమైపోతుందని నా భయం.

ఆమెకు పేరు లేక కాదు. రేషన్ కార్డులో ఒకటి ఉండేది. మేమంతా మాత్రం పల్లమింటక్క అనే పిలిచేవాళ్లం. ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా అక్క అనేవాళ్లు. మనిషి మంచి పొడగరి. మా వీధి మగవాళ్లలో చాలామంది ఆమె భుజం దగ్గరే ఆగిపోతారు. అంత మనిషీ తన ఇంట్లోకి వెళ్లేటప్పుడు మాత్రం తల దించి, నడుము వంచి, దొంగలా దూరేది.

నిజానికి అది పల్లంలో కట్టిన ఇల్లు కాదు. ఆమె పెనిమిటి కట్టించినప్పుడు వీధిలోంచి మెట్లెక్కి పోవాల్సిన ఇల్లే. గుర్రంకొండ దగ్గర పల్లెలో గొర్రెలమ్ముకుని వచ్చి, రాతి దూలాలు వేసి కట్టుకున్నారు. ఆ తర్వాత మా వీధికి రోడ్డు వేశారు. అది చెడిపోతే తవ్వి వేయకుండా దాని మీదే ఇంకో రోడ్డు పరిచారు. అదీ చెడిపోతే దాని మీద మరొకటి. రోడ్డు పెరిగినప్పుడల్లా ఒక్కో ఇంటివాళ్లు గడప లేపుకున్నారు, మెట్లు కట్టుకున్నారు. ఆమె ఇంటి మెట్లు మాత్రం ఒక్కొక్కటే రోడ్డు కిందికి పోయాయి. చివరికి వీధిలోంచి ఆమె ఇంట్లోకి దిగాల్సి వచ్చింది. ఒకసారి ధైర్యం చేసి నేల ఎత్తు చేయించింది కూడా. నేల పెరిగింది గాని దూలం పెరగదు కదా. అప్పటినుంచి ఆమె నుదుటి మీద ఎప్పుడూ ఒక చిన్న బొప్పి ఉండేది.

"కింద నీళ్లు, పైన దూలం. మధ్యలో నేను ఉండాను సూడు టీచరమ్మా" అని నవ్వేది.

ఆమె టమోటా మార్కెట్‌లో గ్రేడింగ్ చేసేది. రైతులు తెచ్చి పోసిన రాశి ముందు కూర్చుని కాయ, దోర, పండు అని ఏరి వేరే బాక్సుల్లో వేయడం. నేను ఒకసారి చూడ్డానికి వెళ్లాను. పక్కనున్న ఆడవాళ్లతో ఏదో పెళ్లి సంగతి చెబుతూనే ఉంది, చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ప్రతి పండునూ అరచేతిలో ఒక్కసారి తిప్పి, బొటనవేలితో మెత్తగా నొక్కి వదిలేసేది.

ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది. ఏ వస్తువు చేతికిచ్చినా ఒక్కసారి తిప్పి నొక్కకుండా ఉండలేదు. మా ఆయన కొత్త సెల్‌ఫోన్ కొని చూపిస్తే దాన్నీ నొక్కింది. ఎవరికో ఫోన్ పోయింది. మనుషుల్నీ అలాగే ఏరేది. టమోటా మండీ నడుపుతూ మా వీధి మొదట్లో పెద్ద మిద్దె కట్టుకున్న మండీ ఆయనను కాయ అనేది. "మాగబెట్టినా పండడు" అని వివరం కూడా చెప్పేది. నేను ఆమె లెక్కలో దోర.

"పైకి ఎర్రగా ఉంటావు. నొక్కితే గట్టిగానే ఉంటావు. ఇంగా ఎండ తగలాల నీకు" అనేది. నాకు కోపం ముందు, మాట తర్వాత. అంగళ్లు ఊళ్లో నేను పాఠాలు చెప్పే బడిలో పిల్లకాయలందరికీ తెలుసు. ఆమె అలా అన్నప్పుడు మాత్రం కోపం రాకపోగా, ఇంకో నాలుగు మాటలు అనిపించుకోవాలనిపించేది.

వానల్ని కూడా ఏరేది. వాకిట్లో నిలబడి, మెడ వెనక్కి వాల్చి మబ్బుని చూసి, బొటనవేలిని గాల్లోనే నొక్కి, "ఇది కాయ వాన. రాలదు పో" అనేది. ఆమె అలా అన్న రోజు నేను గొడుగు తీసుకుని బడికి పోయేదాన్ని. ఎందుకంటే ఆమె చెప్పింది దాదాపు ఎప్పుడూ తప్పే. టమోటాలలో అంత గురి ఉన్న మనిషికి వానల్లో ఒక్కటీ సరిగ్గా తగిలేది కాదు. తగలనందుకు ఆమెకు ఏమాత్రం సిగ్గుండేది కాదు.

నీళ్లొచ్చే రోజుల గురించి చెప్పాలి. మా వీధికి రెండు పక్కలా మురుగు కాలువలున్నాయి. ఒక్కో ఇంటివాళ్లు తమ గుమ్మం ముందు కాలువ మీద ఒక రాతి బండ పరుచుకున్నారు. ఆ బండ మీదే ముగ్గు, ఆ బండ మీదే అంట్లు తోమడం, సాయంత్రం ఆ బండ మీదే కూర్చోవడం. రానురాను బండల పక్కన సిమెంటు పోసి మెట్లు కట్టారు, బండ్లెక్కడానికి వాలు కట్టారు, తులసికోట కూడా కట్టారు. కాలువ ఎక్కడుందో మాకే తెలియకుండా పోయింది. వీధి చివర ఆమె ఇంటి పక్కన ఆ నీళ్లన్నీ ఒక పాత తూములో పడి, రోడ్డు కింద నుంచి వంకలోకి పోవాలి. అది ఎప్పుడో లోపల కూలిపోయింది. కాబట్టి గట్టి వాన కురిస్తే వీధి నీళ్లన్నీ దారి వెతుక్కుని ఆమె గడప దాటేవి.

వాయుగుండం అని టీవీలో చెప్పిన రోజే ఆమె సర్దడం మొదలుపెట్టేది. మార్కెట్ నుంచి తెచ్చుకున్న ప్లాస్టిక్ టమోటా బాక్సులు బోర్లించి, వాటి మీద బియ్యం డబ్బా, దాని మీద దుప్పట్లు, పక్కన టీవీ. మంచం కోళ్ల కింద కూడా బాక్సులే. పెనిమిటి ఫోటో మాత్రం దూలం కింద గోడకు కొట్టిన మేకుకు, అందరికన్నా ఎత్తున. అంతా అయ్యాక వాకిట్లో నిలబడి, వచ్చే నీళ్లతో మాట్లాడేది.

"రా, రా. సెప్పులు ఆడనే ఇడిచిపెట్టి రా" అనేది.

ఆ మాట వినపడేసరికి మేము బకెట్లు పట్టుకుని పరిగెత్తేవాళ్లం. నేను, మా ఆయన, మండీ ఆయన భార్య, ఎదురింటివాళ్లు, ఎవరుంటే వాళ్లు. మోకాళ్ల దాకా చీరలెత్తి కట్టి, గది లోపల నుంచి వీధిలోకి చేతులు మార్చుకుంటూ తోడిపోసేవాళ్లం. అక్క మంచం మీద మఠం వేసుకుని కూర్చుని, వేయించిన చెనిక్కాయలు తలా గుప్పెడు పంచుతూ మాకు పని చెప్పేది. నీళ్లలో నిలబడి చెనిక్కాయలు తింటూ నవ్వుకునేవాళ్లం. వానెలిశాక ఎవరో ఒకరింట్లో ఆమెకు అన్నం, ఇంకొకరింట్లో పడక. నేల ఆరేదాకా ఆమె మా అందరి ఇళ్లలోనూ ఉండేది. మా ఇంట్లో ఉన్న రోజుల్లో మా ఆయన కూడా త్వరగా ఇంటికి వచ్చేవాడు, కబుర్లు పోతాయని.

నవ్వుకునేవాళ్లమని రాశాను గాని, ఆమెకు అది నవ్వులాట కాదు. నీళ్లు తీసిన మరునాడు పొరక పట్టుకుని బురద ఊడుస్తున్నప్పుడు ఆమె ముఖం చూసినవాళ్లకు తెలుస్తుంది. ఒకసారి అలా ఊడుస్తూ గోడకు ఆనుకుని కాసేపు నిలబడిపోయింది. నన్ను చూసి మళ్లీ ఊడ్చింది.

ఆమె తమ్ముడికి పుంగనూరులో ఆవులున్నాయి, ఆ ఊరి పొట్టి ఆవులు. మంచివాడు. అక్కంటే ప్రాణం. ఒక ఏడు నీళ్లు మంచం మట్టానికి వచ్చినప్పుడు అతను వచ్చి, వాకిట్లో నిలబడి ఖండితంగా చెప్పేశాడు.

"ఇంగొక్క తూరి నీళ్లు ఇంట్లోకొస్తే నేను ఆటో తెచ్చి నిన్ను ఎత్తుకోని పోతా అక్కా. ఈ ఇల్లు అమ్మేద్దాం. నాకాడ ఆవుల్ని సూసుకుంటా ఉండు."

"నీ ఆవులు నా మోకాలి కాడికొస్తాయి రా. వాటికి గడ్డెయ్యాలంటే నేను కూలబడాల" అంది అక్క. అతను నవ్వలేదు. అతను వెళ్లాక నాతో మెల్లగా చెప్పింది. "వాడు అన్నాడంటే చేస్తాడు టీచరమ్మా. ఈడ ఉండాలంటే నీళ్లు రాకుండా ఉండాల, అంతే."

ఆ తర్వాతే మా వీధి కాలువలు, తూము తవ్వేసి కొత్తవి వేస్తామని మునిసిపాలిటీ వాళ్లు వచ్చారు. ఇంజనీరు ఒకాయన ఎర్ర రంగుతో ఒక్కో ఇంటి ముందు గీత గీయించాడు. గీత లోపలున్న బండలు, మెట్లు, వాలులు, తులసికోటలు అన్నీ తీయాలి. అందరూ ఒప్పుకుంటే పని మొదలుపెడతామని, గొడవ చేస్తే ఇంకో వీధికి పోతామని చెప్పి వెళ్లాడు.

ఆ సాయంత్రం మండీ ఆయన మెట్ల మీద వీధంతా కూడింది. ఆ మెట్లకు నున్నటి నల్లరాయి వేయించాడు. ఎక్కుతుంటే మన ముఖం మనకే కనపడుతుంది.

"వానొచ్చేది ఏడాదికి కొన్ని దినాలు. మెట్లు దినామూ కావల్ల గదా" అన్నాడు ఆయన. తలలూపినవాళ్లే ఎక్కువ. ఆయన పక్కిల్లు ఆయన తమ్ముడిది. అన్న మాటకు ఏ రోజూ ఒప్పుకోని ఆ తమ్ముడు కూడా ఈ ఒక్క దానికి ఒప్పుకున్నాడు. నేను ఊరుకోలేదు. పై ఇళ్లవాళ్లు మెట్లెక్కి కూర్చుంటే కింది ఇంటామె మునిగిపోవాలా అని గట్టిగానే అడిగాను. "గమ్మునుండు టీచరమ్మా, బడి గాదు ఇది" అన్నాడాయన. నేను ఇంకా గట్టిగా అరిచాను. అరిచి ఏమీ సాధించలేదు.

అక్క మాత్రం ఆ నల్లరాతి మెట్టును బొటనవేలితో ఒకసారి నొక్కి చూసి, లేచి వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున్నే మా గుమ్మంలో ఉంది. కుంకుమభరిణె తీసుకుని తనతో రమ్మంది. ఎందుకని అడిగాను.

"మా బండ లేపిస్తాండాను. ఇంజనీరుకు చెప్పినా, మా ఇంటితోనే మొదలుపెట్టమని. ఆ బండ ఏసిన్నాడు మా ఆయన టెంకాయ కొట్టి, వీధంతా పిలిచి అన్నం పెట్టినాడు. ఏసేనాడు పిలిచి తీసేనాడు పిలవకుంటే బాగుండదు గదా. నేను బొట్టు పెట్టి పిలవకూడదు. నువ్వు బొట్టు పెట్టు, నేను మాట చెప్తా."

అలా ఇద్దరం ఇల్లిల్లూ తిరిగాం. నేను బొట్టు పెట్టడం, వెనకనుంచి ఆమె తల ఒకటి పైకి లేచి, "రేపు పొద్దన మా బండ లేపుతాండాము. వచ్చి ఓళిగ తినిపోండి" అనడం. బొబ్బట్లు పెట్టి బండ తీయడం శుభమో కాదో ఎవరికీ అర్థం కాలేదు. కొందరు పసుపు కూడా ఇవ్వబోయి ఆగిపోయారు. అయితే మా వైపు బొట్టు పెట్టి పిలిస్తే రానని అనడం ఉండదు. పగవాడింటికైనా పోయి, కూర్చుని, నోరు తీపి చేసుకునే వస్తారు. ఆమెకు ఆ సంగతి బాగా తెలుసు.

అందరూ వచ్చారు. మండీ ఆయన వచ్చాడు. ఆయన భార్య వచ్చింది. పక్కింటి తోటికోడలు వచ్చింది. ఆ తోటికోడళ్లిద్దరికీ మాటల్లేవు. వాళ్ల అత్త పోయిన కొత్తలో ఆమె రాగి చెంబు ఒకటి కనపడకుండా పోయింది. నువ్వు దాచావంటే నువ్వు దాచావని మొదలై, ఒకే గోడకు అటూ ఇటూ ఉంటూ ఏళ్ల తరబడి ముఖాలు చూసుకోవడం మానేశారు. ఆ రోజు కూడా ఒకరికొకరు వీపు పెట్టుకుని ఓళిగలు తింటున్నారు.

కాలువ పనికి వచ్చినవాళ్లు కుప్పం పక్క గుడుపల్లె మనుషులు. వాళ్ల మేస్త్రి టెంకాయ కొట్టి, గడ్డపార బండ కింద దూర్చి, మనుషుల్ని కేకేశాడు. బండ మెల్లగా లేచి పక్కకు ఒరిగింది. ఆ వాసనకు ఓళిగలు తింటున్నవాళ్లు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. తూము నోటి దాకా నల్లటి బురద గట్టిపడి ఉంది. మేస్త్రి పారతో ఒక గంప ఎత్తి రోడ్డు మీద పోశాడు. అందులో ఏదో టంగుమంది.

స్టీలు గ్లాసు. తర్వాత గంపలో గరిటె. ఆ తర్వాత వరసగా స్పూన్లు, చిన్న గిన్నెలు, మూతలు, ఒక కాఫీ ఫిల్టరు కింది భాగం. ఎవరి బండ మీద వాళ్లు తెల్లవారి అంట్లు తోముకుంటాం కదా, బండ సందులోంచి జారిపోయినవి జారిపోయినట్టే వీధి చివరిదాకా కొట్టుకొచ్చి, అక్క బండ కింద చేరాయి. మేమంతా పనిమనుషుల్ని అనుమానించాం, కోడళ్లను అనుమానించాం, కాకుల్ని కూడా అనుమానించాం. వీధిలో పోగొట్టుకున్నదంతా తూముకు అడ్డంపడి ఆమె ఇంట్లోకి నీళ్లు తోలుతూ ఉంది.

అక్క చీర ఎగ్గట్టి, బకెట్టు నీళ్లు పెట్టుకుని కూర్చుంది. ఒక్కొక్కటీ కడిగి, అరచేతిలో తిప్పి, పక్కన పెట్టసాగింది. సొట్టపోనివి ఒక కుప్ప, సొట్టపోయినవి ఒక కుప్ప, దేనికీ పనికిరానివి ఒక కుప్ప. స్టీలు సామాను మీద పేర్లు చెక్కించుకోవడం మాకు అలవాటు. పెళ్లిలో ఎవరు పెట్టారో వాళ్ల పేరు, ఇంటి యజమాని పేరు. ఆమెకు చదువు రాదు కాబట్టి పేర్లు చదివే పని నాది. నేను పేరు చదవడం, ఆ ఇంటామె "అయ్యో, మాదే" అంటూ ముందుకు రావడం. చివరికి అది నిజంగానే పేరంటంలా తయారైంది.

చివర్లో మేస్త్రి ఒక ముద్దలాంటిది తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె చింతపండు తెప్పించి చాలాసేపు తోమింది. రాగి రంగు బయటపడింది. నాకు అందించింది. అంచు కింద చెక్కిన పేరు చదివాను. అది ఆ తోటికోడళ్ల అత్త పేరు.

చిన్న కోడలే ముందు అంది. "నేను దాచుకున్న్యానని గదా అనుకున్న్యావు అక్కా."

"నువ్వూ నన్ను అట్లనే గదా అనుకున్న్యావు" అంది పెద్దామె. అని చెంగుతో కళ్లు ఒత్తుకుంది.

చెంబు అక్క చేతిలోకి తిరిగి వచ్చింది. ఎవరి చేతికిస్తుందా అని వీధి వీధంతా చూస్తోంది. ఆమె ఇద్దరికీ ఇవ్వలేదు. లేచి మండీ ఆయన దగ్గరికి వెళ్లి, రెండు చేతులతో ఇచ్చింది.

"మీయమ్మ చెంబు అప్పా. ఆడోళ్లిద్దరికీ నువ్వే చెప్పుకో" అంది.

ఆయన చెంబు పట్టుకుని నిలబడిపోయాడు. అత్తగా గడిపిన రోజుల్లో ఆ ముసలామె ఎలా ఉండేదో నాకు తెలియదు గాని, కొడుకుకు అమ్మే కదా. కాసేపు బొటనవేలితో ఆ పేరును నిమురుతూ ఉన్నాడు. తర్వాత మేస్త్రిని అడిగాడు. "మా మెట్లు ఎప్పుడు తీస్తారప్పా?"

అందరం ఆయన వంక చూశాం. ఆయనకు సిగ్గేసినట్టుంది. "వాటి కింద ఇంగా ఏమేమి ఉండాయో సూడాల గదా" అన్నాడు.

మా వీధి కాలువకు ఒప్పుకున్నది ఇలాగే. నీళ్లు పోవాలని కాదు, ఒకామె మునుగుతోందని కూడా కాదు. ఎవరి బండ కింద ఎవరి గ్లాసు దొరుకుతుందో చూద్దామని. మరునాటి నుంచి "మా ఇంటి ముందు ఎప్పుడు తవ్వుతారు" అని మేస్త్రి వెంటపడ్డారు. నేను అక్కను అడిగాను, ఇవన్నీ అక్కడుంటాయని నీకు ముందే తెలుసా అని. "నాకేం తెలుసమ్మా. వాసన తెలుసు, అంతే" అంది. అబద్ధమాడిందో నిజమే చెప్పిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. తోటికోడళ్లు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఆ వారంలోనే ఆ చెంబు ఎవరింట్లో ఉండాలని మళ్లీ పోట్లాడుకున్నారు. అయితే ఈసారి నోటితోనే పోట్లాడుకున్నారు కాబట్టి అందరికీ సంతోషమైంది.

కాలువ పని జరిగినన్నాళ్లూ ఒక్కో గుమ్మం ముందు గొయ్యి, గోతి మీద ఒక చెక్క. అక్క ఆ చెక్క మీద కూడా రోజూ ముగ్గు వేసేది. పట్టేంత చోటులో సన్నగా, పొడవుగా, జడ అల్లినట్టు వేసేది. గుడుపల్లె మనుషులు ఆ ముగ్గు తొక్కడానికి మనసొప్పక గోతిలోకి దూకి, అటు ఎక్కేవాళ్లు. మధ్యాహ్నం వాళ్ల సంగటి గిన్నెలు ఆమె గదిలోనే తెరుచుకునేవి. పని అయిపోయినప్పుడు మేస్త్రి ఆ పాత బండను లారీలో వేయనివ్వలేదు. నలుగురితో మోయించి, ఆమె గోడ వారగా, కూర్చోవడానికి వీలుగా వేయించాడు. "నీ బండ నీకాడనే ఉండనీ అక్కా" అన్నాడు. ఆమె దాన్ని కూడా బొటనవేలితో నొక్కింది.

ఆ ఏడు కార్తీకంలో తుపాను వచ్చింది. ఆమె మామూలుగానే అన్నీ బాక్సుల మీదికి ఎక్కించింది. కొత్త కాలువను ఆమె ఇంకా నమ్మలేదు. తమ్ముడు కూడా నమ్మలేదేమో, మధ్యాహ్నానికే ఆటో తెచ్చి వీధి మొదట్లో నిలిపాడు. వాన దంచుతూ ఉంది. మేము బకెట్లు పట్టుకుని ఆమె ఇంట్లోకి దిగాం. ఆమె గడప దగ్గర నిలబడి ఉంది, తల దూలానికి తగలకుండా కాస్త వంగి. నీళ్లను పిలవలేదు. గడపనే చూస్తూ ఉంది.

కొత్త బండల కింద నీళ్లు హోరున పోతున్నాయి. అంత నీరు మా కాళ్ల కింద పోతున్నా రోడ్డు మీదకు రావడం లేదు. సాయంత్రం దాకా అలాగే నిలబడ్డాం. గడప తడవలేదు. తమ్ముడు వంగి, ఆ పొడి గడప మీద చెయ్యి పెట్టి చూశాడు. "సరే అక్కా. ఈడనే ఉండు" అన్నాడు. ఆమె బాక్సు మీద నుంచి బియ్యం డబ్బా దించడం మొదలుపెట్టింది. మేమంతా చెనిక్కాయలు తిని, ఖాళీ బకెట్లతో ఇళ్లకు వచ్చేశాం. నాకు చాలా సంతోషంగా ఉండింది.

ఆ నెలలోనే ఇంకో పెద్ద వాన పడింది. ఎవరమూ వెళ్లలేదు. ఎందుకు వెళ్తాం, నీళ్లు రావు కదా. మరునాడు బడికి పోతూ ఆమె వాకిట్లో ఆగాను. పాత బండ మీద కూర్చుని ఉంది. పక్కన ఒక గిన్నె నిండా వేయించిన చెనిక్కాయలు. మెత్తబడిపోయి ఉన్నాయి.

"నిన్న చానా సేపు వాకిలి తీసి పెట్టుకున్నాను టీచరమ్మా" అంది. ముఖం మబ్బు వైపు తిప్పి, "నీళ్లు రాకుంటే మీరు గూడా రారా?" అంది.

నిష్ఠూరం కాదు. నిజంగానే అడిగింది. ఆ రోజు నేను బస్సు వదిలేసి ఆమె పక్కన కూర్చున్నాను. ఆ మెత్తటి చెనిక్కాయలు ఇద్దరం తిన్నాం. అప్పటినుంచి వాన పడితే ఆమె ఇంటికి వెళ్లడం నాకు అలవాటైంది. మండీ ఆయన భార్య ఒకోసారి వచ్చేది, ఒకోసారి తోటికోడలిని కూడా వెంటబెట్టుకుని. నీళ్లు తోడేది లేదు. ఊరికే కూర్చుని వాన చూడడం, అది కాయా పండా అని వాదులాడుకోవడం. అలా ఆ ఇల్లూ, ఇంటికొచ్చే మనుషులూ రెండూ ఆమె దక్కించుకుంది. నా జీవితంలో నేను అన్నిటికన్నా హాయిగా కూర్చున్న చోటు ఆ రాతి దూలాల కిందేనని చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

ఆమె పోయింది ఎండల్లో. జ్వరమని ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఇంటికి తేలేదు. మబ్బు లేదు, వాన లేదు. బాక్సులు గోడ వారగా ఒకదాని మీద ఒకటి అలాగే ఉన్నాయి.

ఇక మొన్నటి వాన. సాయంత్రం బడి నుంచి వచ్చి కాఫీ పెట్టుకుంటుంటే మొదలైంది. చూస్తుండగానే ఎదురిల్లు కనపడనంత పెద్దదైంది. నేను స్టవ్ ఆపేశాను. గొడుగు తీసుకోలేదు. పెరట్లోకి పోయి బకెట్టు తీసుకుని, చీర ఎగ్గట్టుకుని, వీధిలోకి పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తుతున్నానో ఆమె ఇంటి ముందు ఆగేదాకా నాకు తట్టలేదు.

తలుపుకు తాళం ఉంది. గడప పొడిగా ఉంది. చూరు కింద, పాత బండ మీద మండీ ఆయన భార్య అప్పటికే కూర్చుని ఉంది. ఆమె కాళ్ల దగ్గర బకెట్టు. నా వెనకే ఆమె తోటికోడలు వచ్చింది, అంతా తడిసిపోయి. ఆమె చేతిలో బకెట్టు లేదు, చేతికి దొరికిందే పట్టుకొచ్చినట్టుంది, అత్త రాగి చెంబు. ముగ్గురం ఒకరి చేతుల్లోకి ఒకరం చూసుకున్నాం. ఎవరికీ నవ్వు రాలేదు.

"ఏల వచ్చినాము మనం?" అంది పెద్దామె. ఆమె కొంచెం జరిగి మాకు చోటిచ్చింది.

కూర్చున్నాం. కాళ్ల కింద కొత్త కాలువలో నీళ్లు హోరున పోతూ ఉన్నాయి. చూరు బయట పెట్టిన నా బకెట్టు మెల్లగా వాన నీళ్లతో నిండుతోంది. చాలాసేపటికి చిన్నామె, "అక్క ఉండుంటే ఇది ఏం వాన అనుండును?" అని అడిగింది.

నేను మెడ వెనక్కి వాల్చి మబ్బు చూశాను. అది నిండుగా పండిన వాన, ఎవరికైనా తెలుస్తుంది.

"కాయ వాన, రాలదు పో అనుండును" అన్నాను.

అప్పుడు ముగ్గురమూ నవ్వాం, ఆ తర్వాత ఏడ్చాం. వాన తగ్గేదాకా అక్కడే కూర్చున్నాం. వెళ్లేముందు నా బకెట్టులోని నీళ్లతో అక్క వాకిలి కడిగాను. మర్నాడు ముగ్గు వేయాలి కదా.